దొంతర

రాత్రి రెండుంబావు. కేజీహెచ్ బ్లడ్ బ్యాంకు.
పాత ఫ్రిజ్ గురకపెడుతోంది.
కిటికీ అవతల, రేవులోకి పిలుపు రాని ఓడలు
దీపాలు పెట్టుకుని నీళ్ళమీద కూర్చున్నాయి.

మైలపిల్లి పోలమ్మ, యాభై ఎనిమిది, పెద జాలారిపేట.
నడుం నొప్పని వచ్చింది.
చూస్తే ఒంట్లో నెత్తురు ఐదున్నర గ్రాములు.
వార్డు నుంచి ఫోను మీద ఫోను:
"రెండు బ్యాగులు. ఎప్పటికిస్తారు?"

ఆమె సీరంలో దాత కణాలు కలిపాను.
తిప్పాను. వెలుతురుకి ఎత్తి చూశాను.
గుంపు కట్టింది.
రెండో బ్యాగు, మూడోది, నాలుగోది,
అన్నీ అంతే.
"ఎవరి రక్తమూ సరిపడలేదు" అని రాయడానికి
పెన్ను మూత తీశాను కూడా.

ఎందుకో ఆగి, ఒక చుక్క స్లైడు మీద పరిచాను.

అవి ముద్దలు కావు.
బిళ్ళలు.
అంచుకి అంచు సరిచూసి పేర్చి
పక్కకి ఒరగబెట్టిన చిల్లర దొంతర్లు.

సాయంత్రం నేను ట్యూబు మీద పేరు రాస్తుంటే
పోలమ్మ కొంగుముడి విప్పి
చేపలమ్మిన డబ్బులు మంచం మీద ఇలాగే పేర్చింది,
పదులు పదుల మీద, ఐదులు ఐదుల మీద.
"నెక్క తేలకపోతే నిద్దర్రాదమ్మా నాకు."

ఎర్రకణానికి ఒంటినిండా రుణావేశం.
రుణమంటే ఇక్కడ అప్పు కాదు, ఎడం.
పక్కదాన్ని మీదికి రానివ్వదు.
కాంప్లెక్స్ దగ్గర ఇరవై ఎనిమిదో నంబరెక్కి
మోచేతులు అడ్డం పెట్టుకుని నిలబడతాం చూడండి, ఆడవాళ్ళం,
అలా.
ఆ మోచేతంత ఎడంలోంచే నెత్తురు పారుతుంది.

ఎముక మూలుగులో ఎక్కడో ఒక కణం మొండికేసి
ఒకే ప్రొటీను, ఒకే ప్రొటీను, మళ్ళీ అదే ప్రొటీను
అచ్చుగుద్ది పోస్తూ పోతే
మోచేతులు దిగిపోతాయి.
ఒకదాని గుంటలో ఒకటి ఒదిగి పడుకుంటాయి.
చూడ్డానికి ఎంత పొందికో!

ఐకమత్యం మీద ఆరో తరగతిలో వ్యాసం రాసి
స్టీలు గ్లాసు గెల్చుకున్నాను.
గ్లాసుకి సొట్టలు పడ్డాయి, ఇంట్లో ఉంది.
వ్యాసం మాత్రం దిద్దాల్సుంది.

కవర్ స్లిప్ అంచున ఒక చుక్క సెలైన్ వదిలాను.
యాంటీబాడీ పట్టిన పట్టయితే
ఉప్పునీటికి లొంగదు, అది పగ.
ఇది ఉత్త పేర్పయితే...

ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

ఒక దొంతర కదిలింది.
చివరి బిళ్ళ జారింది, దాని వెనక ఇంకోటి,
ఆ తర్వాత లెక్క అందలేదు,
వల దులిపితే నెత్తళ్ళు రాలినట్టు
కాంతంతా విడివిడి కణాలు.
గదిలో ఎవరూ లేరు, అయినా "హమ్మయ్య" అని పైకే అన్నాను.

పద్ధతి ప్రకారం ట్యూబులోనూ చేశాను.
సీరం తీసేసి, సెలైన్ పోసి, నాలుగుసార్లు.
మూడూ పదికి రెండు బ్యాగులు మెట్లెక్కాయి.

రిజిస్టర్లో పక్క గడి ఇంకా ఖాళీ.
అందులో డాక్టర్ సుగుణాకర్ గారికి ఒక వాక్యం రాయాలి,
ప్రొటీన్లు చూడండి, మూలుగు చూడండి అని.
ఆ వాక్యాన్ని కరిగించే ఉప్పునీళ్ళు
ఈ ఊళ్ళో, ఇంత సముద్రం పక్కన, లేవు.
రాశాను. దస్తూరి బాగాలేదు.

డ్యూటీ దిగి వార్డుకెళ్ళాను.
బ్యాగు సగమైంది. ఆమె మేలుకునే ఉంది.
"ఏటమ్మా, నా నెత్తురు రాత్రంతా మిమ్మల్ని సతాయించిందట?"
"నీలాగే పోలమ్మా. పేర్చుకుంటోంది."
నవ్వింది. పళ్ళకి పొగాకు గార.
"పేర్సిందేదైనా కరుసైపోవాల గదే."

ఏం చెప్పాలో తెలీక, బస్సుకి టైమైందన్నాను,
చిల్లర కూడా లేదన్నాను, ఊరికే.
ఆమె సూది లేని చేత్తో తలగడ కింద తడిమి
దొంతర పైనుంచి ఒక పది బిళ్ళ తీసింది.
వద్దంటున్నా వినలేదు.

బస్సు దిగాక చూసుకున్నాను,
కండక్టరుకి నోటిచ్చానట.
బిళ్ళ నా గుప్పిట్లోనే ఉంది,
కొద్దిగా నీచువాసన,
ఇంకా వెచ్చగా.